రోజుకు ఒక గడియ

ఆవిడకి ముప్ఫయి రెండేళ్లుంటాయి. అత్తగారు వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఓపీ చీటీ బల్లమీద పెట్టి, కోడలి తరఫున అత్తగారే చెప్పటం మొదలుపెట్టింది.

"డాక్టరుగారూ, మా కోడలికి కడుపులో ఏదో జబ్బుందండీ. బాత్‌రూములోకి వెళ్లిందంటే అరగంటకి గాని బయటికి రాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు మరోసారి. ఇంటిల్లిపాదీ తలుపు దగ్గర నిలబడాల్సి వస్తోంది."

నేను అడగవలసినవన్నీ అడిగాను. విరేచనం సాఫీగా అవుతోందా, నెత్తురు పడుతోందా, బరువు తగ్గారా - అన్నింటికీ కోడలు తలవంచుకుని ఒకటే జవాబు చెప్పింది: "బాగానే ఉందండీ." చెప్పటానికి సిగ్గుపడుతోంది, మలబద్ధకమే అయుంటుందనుకుని ఇసబ్‌గోల్ పొట్టు రాసిచ్చాను. పదిహేను రోజులకి మళ్లీ వచ్చారు. రక్తపరీక్ష, పొట్ట స్కానింగు చేయించాను. స్కానింగులో ఏమీ లేదు. హిమోగ్లోబిన్ మాత్రం 9.5 ఉంది. ఆడవాళ్లకి 12కి తగ్గకూడదు. అంచేత ఐరన్ మాత్రలు కూడా రాశాను. మూడోసారి వచ్చేసరికి నాకే విసుగనిపించింది.

అసలు సంగతి కనిపెట్టింది నేను కాదు, మా స్టాఫ్ నర్సు. అత్తగారిని మందులిచ్చే కిటికీ దగ్గరికి పంపి, కోడలి పక్కన కూర్చుని, "ఏమ్మా, అంతసేపు లోపల ఏం చేస్తావ్?" అని మెల్లగా అడిగింది.

"ఏమీ చెయ్యనక్కా. ఊరికే కూర్చుంటాను. మా ఇంట్లో నేను గడియ వేసుకోగలిగిన తలుపు అదొక్కటే."

రెండు గదుల పోర్షను. అత్త, మామ, భర్త, మరిది, ఇద్దరు పిల్లలు, తను. తెల్లవారుజామున పాలప్యాకెట్టు అందుకున్న దగ్గర్నించి రాత్రి వంటగది దీపం ఆర్పేదాకా "అమ్మా", "కోడలా", "ఏమేవ్", "వదినా" అన్న పిలుపులే. ఎవరూ కొట్టటం లేదు, తిట్టటం లేదు. మంచివాళ్లే. కాని రోజు మొత్తంలో తనతో తాను ఉండటానికి ఆ మనిషికి దొరికిన చోటు ఆ స్నానాలగది ఒక్కటే.

నేను మూడు సార్లు చీటీ రాశాను. మూడు సార్లూ కడుపునే చూశాను. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో నేను సిగ్గుపడిన సందర్భాల్లో అదొకటి.

రెండు మాటలు, రెండు స్థితులు

మన భాషలో ఏకాంతం అన్న మాట ఉంది, ఒంటరితనం అన్న మాటా ఉంది. వాడుకలో రెంటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం గాని, వైద్యుడికి రెండూ ఒకటి కావు. ఆకలికీ, ఉపవాసానికీ ఎంత తేడా ఉందో వీటికీ అంతే తేడా. ఉపవాసం మనం కోరి చేసేది, సాయంత్రానికి ముగించగలిగేది. ఆకలి మనకి పట్టేది. ఏకాంతం మనిషి కోరి తీసుకునేది. ఒంటరితనం కోరకుండా మీదపడేది. నలుగురి మధ్య ఉన్నా ఒంటరితనం ఉండవచ్చు. పెళ్లివారింట్లో కూర్చున్నా ఉండవచ్చు.

ఒంటరితనం ఒంటికి చెడ్డదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, మనోవ్యాకులత - వీటన్నిటికీ దానితో సంబంధముంది. ఇది పత్రికల్లో తరచు వస్తోంది. అందువల్ల "ఒంటరిగా కూర్చోకు, మనసు పాడవుతుంది" అని ఇంట్లోవాళ్లు భయపెట్టటం కూడా ఎక్కువైంది. ఏకాంతం లేకపోవటం వల్ల వచ్చే బాధ గురించి మాత్రం చెప్పేవారు తక్కువ.

మన ఆచారాల్లో దీనికి చోటుంది. తిరుమలలో రోజంతా వేలమందికి దర్శనమిచ్చిన స్వామికి రాత్రి చివర జరిగే సేవ పేరు ఏకాంతసేవ. దర్శనం కాగానే గుడిలోంచి పరుగెత్తకుండా మంటపంలో కాసేపు కూర్చుని రమ్మని పెద్దలు చెబుతారు. పనుల ఒత్తిడిలో తలమునకలుగా ఉండే గాంధీగారు సోమవారం మౌనం పాటించేవారు. ఆ రోజున ఏదైనా చెప్పాలంటే కాగితంమీద రాసిచ్చేవారు. దేవుడికీ, దేశనాయకుడికీ అవసరమైంది మన ఇంటి ఇల్లాలికి అక్కర్లేదనుకోవటం న్యాయమా?

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఎవరో పిలుస్తారన్న ఎదురుచూపులో ఉన్న శరీరం కాపలా కాసే మనిషిలాంటిది. కూర్చున్నా కూర్చున్నట్టు కాదు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, మెడ, భుజాల కండరాలు బిగుసుకుని ఉంటాయి, ఎడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోనులు అవసరానికి మించి ఊరుతూ ఉంటాయి. కొద్దిసేపయితే ఇది మేలే. ప్రమాదం వస్తే తప్పుకోవటానికి శరీరం చేసుకున్న ఏర్పాటిది. కాని నెలల తరబడి ఇదే స్థితి అయితే తలనొప్పి, నిద్రలేమి, కడుపుబ్బరం, చీటికీమాటికీ కోపం వస్తాయి.

దీనికి ఒక చిన్న నిదర్శనం మీరే చూడవచ్చు. రక్తపోటు చూసే ముందు రోగిని అయిదు నిమిషాలపాటు మాట్లాడించకుండా కూర్చోబెట్టాలని వైద్యశాస్త్రం చెబుతుంది. మాట్లాడుతూ ఉండగా చూస్తే పై అంకె పది పాయింట్ల దాకా పెరగవచ్చు. అయిదు నిమిషాల మౌనానికే అంత తేడా కనిపిస్తే, రోజులో ఆ అయిదు నిమిషాలు కూడా దొరకని మనిషి సంగతి ఊహించుకోండి.

మరో సంగతి. మన మెదడు బరువు శరీరం మొత్తంలో నూటికి రెండు వంతులే. కాని శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు అయిదోవంతు అదే తింటుంది. మనం ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా ఈ ఖర్చు పెద్దగా తగ్గదు. పని లేనప్పుడే ఎక్కువగా పనిచేసే భాగాలు మెదడులో ఉన్నాయని అమెరికాలో మార్కస్ రైకిల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2001లో వివరించారు. జరిగింది గుర్తు చేసుకోవటం, జరగబోయేది ఊహించుకోవటం, తన గురించి తాను తలచుకోవటం, ఎదుటివాడి మనసు అర్థం చేసుకోవటం - వీటిలో ఈ భాగాలకు పాత్ర ఉంది. అంటే "ఊరికే కూర్చున్నాడు" అని మనం అనుకునే మనిషి లోపల ఇల్లు సర్దుకుంటున్నాడన్నమాట.

ఊరికే కూర్చోవటం అంత తేలిక కాదు

"ఇందులో ఏముందండీ, ఎవరైనా కూర్చుంటారు" అని మీరనవచ్చు. ఇవాళ రాత్రి సెల్‌ఫోను పక్క గదిలో పెట్టి పావుగంట కూర్చుని చూడండి. మూడో నిమిషంలో చెయ్యి దానంతట అదే జేబులోకి వెడుతుంది.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. మనుషుల్ని ఒక ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టారు. ఫోను లేదు, పుస్తకం లేదు. పక్కన ఒక మీట మాత్రం ఉంది. అది నొక్కితే తమకే కరెంటు షాకు తగులుతుంది. డబ్బిచ్చయినా ఆ షాకు తప్పించుకుంటామని ముందు చెప్పినవారే వాళ్లంతా. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ పావుగంటలో మీట నొక్కుకున్నారు! తమ ఆలోచనలతో కూర్చోవటం కంటే షాకే నయమనిపించింది కాబోలు.

అంచేత మొదటి వారం మీకు విసుగనిపిస్తే, బెంగగా ఉంటే, అది మీ లోపం కాదు. చాలాకాలం నడవని కాలు మొదట్లో నొప్పి పెట్టినట్టే ఇదీను.

గానుగెద్దు ఆలోచన

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒంటరిగా కూర్చుని ఆలోచించినదంతా ఆత్మపరిశీలన కాదు. గానుగెద్దు రోజంతా నడుస్తుంది, కాని ఉన్నచోటే ఉంటుంది. "వాళ్లు నన్ను అంత మాట అనొచ్చా? అసలు నాకే ఎందుకిలా జరుగుతుంది? నా బతుకే ఇంత" - ఇలా అదే మాట చుట్టూ తిరగటం మనసుకి మందు కాదు, పుండుని గోకటం. కాలిఫోర్నియాలో 1989లో పెద్ద భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే, వేరే పనిమీద, అక్కడి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థుల మనస్తత్వాన్ని సూజన్ నోలెన్-హోక్సెమా అనే మనోవిజ్ఞానవేత్త ప్రశ్నపత్రాలతో పరిశీలించి ఉన్నారు. భూకంపం తరవాత మళ్లీ చూస్తే, ముందునుంచీ బాధని తలపోసుకునే అలవాటున్నవాళ్లే ఎక్కువ కుంగిపోయినట్టు తేలింది.

పరిశీలనకీ, తలపోతకీ తేడా తెలుసుకోవటానికి నేను రోగులకి ఒక చిన్న గుర్తు చెబుతాను. కూర్చుని లేచాక "రేపు ఈ పని చేద్దాం" అన్న ఒక్క ముక్కయినా చేతికి వచ్చిందా? వస్తే అది పరిశీలన. అదే మాట మూడోసారి తిరిగి వస్తోందా? వెంటనే లేవండి. మొక్కలకి నీళ్లు పోయండి, నాలుగడుగులు నడవండి, నమ్మకమైన మనిషితో మాట్లాడండి. ఆ రోజుకి ఏకాంతం చాలు.

ఎలా చెయ్యాలి?

మన పెద్దల లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిపి అరవై గడియలు. తలుపుకి వేసుకునేదీ గడియే. అరవైలో ఒక్కటి మీకోసం ఉంచుకోండి. అంత కుదరకపోతే అందులో సగం.

చోటు: వేరే గది అక్కర్లేదు. డాబా, అరుగు, పెరట్లో తులసికోట దగ్గర, గుడి మంటపం, మసీదు, చర్చి, పార్కులో బెంచీ, ఏదైనా సరే. ఇంట్లో చోటే లేనివాళ్లు ఒంటరిగా నడవండి. బజారుకి కూరలకోసం వెళ్లే దారి కూడా ఏకాంతమే, చెవిలో ఫోను లేకపోతే.

వేళ: రోజూ ఒకే వేళ అయితే ఇంట్లోవాళ్లకి అలవాటవుతుంది. అన్నం తిన్న వెంటనే వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. పడుకోబోయే ముందు కూడా వద్దు, దిగులు ఆలోచనలు పట్టుకుంటే నిద్ర చెడుతుంది.

పద్ధతి: మొదటి అయిదు నిమిషాలు ఊపిరి నెమ్మదిగా తీసి, తీసినదానికంటే మరికాస్త నెమ్మదిగా వదలండి. నిమిషానికి ఆరేడు ఊపిరులు చాలు. బిగపట్టవలసిన పని లేదు. గుండె నెమ్మదిస్తుంది. ఆ తరవాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇవాళ ఏం జరిగింది? అప్పుడు నాకు ఏమనిపించింది? రేపు నేను చేయగలిగిన ఒక్క పని ఏమిటి? "ఎందుకు" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. అది గానుగలోకి లాగుతుంది.

రాయటం: మనసులో ముడిపడిన సంగతి ఏదైనా ఉంటే కాగితంమీద పెట్టండి. అమెరికాలో జేమ్స్ పెన్‌బేకర్ 1986లో ప్రకటించిన పరిశోధనలో, విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున, తమని బాధించిన సంఘటననీ, దాని గురించి తమకు కలిగిన భావాలనీ రాశారు. రాసిన వెంటనే మనసు బరువెక్కింది. కాని తరవాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లిన సార్లు తగ్గాయి. రాసినది దాచుకోనక్కర్లేదు, చింపి పారెయ్యవచ్చు. అక్షరం బాగుండక్కర్లేదు.

నా సంగతి

రోగులకి చెప్పేవాడిని, నేను చేశానా అని మీరు అడగవచ్చు. యాభై రెండో ఏట నా రక్తపోటు 150/96 ఉందని తేలింది. ఇంటికి వెళ్లగానే కూర బాగాలేదని, ఫాను చప్పుడు చేస్తోందని ఇంట్లో కేకలేసేవాడిని. మా కోడలి కథ జరిగిన తరవాత నాకూ బుద్ధి వచ్చి, డ్యూటీ దిగాక ఆసుపత్రి వెనక వేపచెట్టు కింద సిమెంటు బల్లమీద కాసేపు కూర్చోవటం మొదలుపెట్టాను.

నాలుగో రోజున ఒక మొహం కళ్లముందు నిలిచింది. అంతకు రెండు నెలల ముందు మా వార్డులో పోయిన ఒక ముసలాయన కొడుకు మొహం. ఆ రోజు రద్దీలో, నిలబడే, అతని మొహం కూడా సరిగ్గా చూడకుండా, "చెయ్యగలిగిందంతా చేశాం" అని వెళ్లిపోయాను. అతను ఏదో అడగబోయాడు. నేను వినలేదు. ఆ మాట నాలో రెండు నెలలుగా గుచ్చుకుంటోంది. ఇంట్లో కూరమీదా, ఫానుమీదా నేను వెళ్లగక్కింది దాన్నే.

ఆ కొడుకు మళ్లీ నాకు కనబడలేదు. క్షమాపణ చెప్పుకునే అవకాశం రాలేదు. కాని ఆ తరవాత ఎవరికైనా అలాంటి కబురు చెప్పవలసి వస్తే, కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్లు అడిగేదాకా ఆగి చెబుతున్నాను. ఏకాంతం నాకిచ్చింది అది. రక్తపోటు మాత్ర మాత్రం ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను: డాక్టరు రాసిన మందు మానేసి ధ్యానం, మౌనం అంటూ కూర్చోకండి. అది మందుకి తోడు, మందుకి బదులు కాదు.

ఏకాంతం వికటించే చోట్లు

ఒకే మందు అందరికీ పనికిరాదు. మా ఓపీకి ప్రతి సోమవారం ఒక రిటైర్డ్ మాస్టారు వస్తారు. భార్య పోయింది, పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆయన రక్తపోటు బాగానే ఉంటుంది. అయినా వస్తారు. వరసలో నిలబడి పక్కవాళ్లతో మాట్లాడటానికని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయనకి నేను ఏకాంతం రాస్తే తప్పు. ఆయనకి కావలసింది మనుషులు. మా స్టాఫ్ నర్సు కూతురికి లెక్కలు చెప్పమని అడిగాము. ఇప్పుడు అయిదుగురు పిల్లలు వస్తున్నారట. సోమవారాలు ఆయన రావటం తగ్గింది.

మరొక తండ్రి ఇంటర్మీడియట్ తప్పిన కొడుకుని జ్వరమని తీసుకొచ్చాడు. "వీడికి ముందునుంచీ ఒంటరిగా ఉండటం ఇష్టమండీ" అన్నాడు. కుర్రవాడు నెలరోజులుగా క్రికెట్టు మానేశాడు, అన్నం సగం వదిలేస్తున్నాడు, రాత్రి రెండింటికీ మెలకువగానే ఉంటున్నాడు. అది ఏకాంతప్రియత్వం కాదు, మనోవ్యాకులత. తండ్రిని బయట కూర్చోమని, "చచ్చిపోవాలనిపిస్తోందా బాబూ?" అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. ఎవరో ఒకరు అడిగితే చాలని ఎదురుచూస్తున్నట్టు ఆ పిల్లవాడు ఏడ్చేశాడు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపాము. ఇప్పుడు బాగున్నాడు, ఐ.టి.ఐ.లో చదువుతున్నాడు.

కాబట్టి గుర్తుంచుకోండి. ఏకాంతంనించి మనిషి తేలికపడి బయటికి వస్తాడు. రెండు వారాలకి మించి దిగులుగా ఉన్నా, ఇదివరకు ఇష్టమైనవాటిమీద ఆసక్తి పోయినా, నిద్ర, ఆకలి మారినా, "నేనెందుకూ పనికిరాను" అంటున్నా తలుపు గడియ తీయించాలి, డాక్టరుకి చూపించాలి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ సేవకి 14416 నంబరుమీద రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. బాలింతలు, ఈమధ్యనే ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లు, తాగుడు మానుతున్నవాళ్లు - వీళ్లని ఒంటరిగా వదిలెయ్యకూడదు.

చీటీ

ఇంతకీ మన కోడలి సంగతి. ఐరన్ మాత్రలు కొనసాగించాను. వాటి కింద, ఓపీ చీటీమీదే, ఇలా రాశాను: "రోజూ సాయంత్రం 24 నిమిషాలు డాబామీద ఒంటరిగా కూర్చోవాలి. ఆ సమయంలో ఎవరూ పిలవకూడదు." సంతకం పెట్టి ముద్ర కూడా వేయించాను. నోటితో చెబితే ఎవరు వింటారు? సర్కారు ముద్రకి మన ఇళ్లలో ఇంకా విలువుంది.

అత్తగారు చీటీ రెండుసార్లు చదువుకుంది. నావైపు అనుమానంగా చూసింది. ఏమీ అనకుండా మడిచి సంచీలో పెట్టుకుంది.

నాలుగు నెలల తరవాత ఆవిడే మోకాళ్ల నొప్పులని ఒక్కతే వచ్చింది. కోడలు ఎలా ఉందని అడిగాను. "బాగానే ఉందండీ. బాత్‌రూములో ఇప్పుడు అయిదు నిమిషాలు కూడా ఉండటం లేదు. పిల్లలమీద అరవటం తగ్గింది. ఆ వేళకి పిల్లలు పైకి వెళ్లకుండా నేనే మెట్లమీద కూర్చుంటున్నాను" అంది.

మోకాళ్లకి మందు రాశాను, వ్యాయామం చెప్పాను. లేచి నిలబడిందే గాని కదల్లేదు. వెనక వరసలో ఎవరైనా వింటున్నారేమోనని ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"డాక్టరుగారూ, పదిహేడో ఏట ఆ ఇంట్లోకి వచ్చానండీ. నాక్కూడా అలాంటి చీటీ ఒకటి రాసిస్తారా?"

రాసిచ్చాను. ముద్ర కూడా వేయించాను.